ఆగవలసిన చోట ఆగుదాం: తెలుగు వాక్యంలో కామా

(సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నేను ఎంచుకున్న విషయం చాలా చిన్నది. వాక్యం మొదట్లో వచ్చే మాటల తరువాత కామా ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టనక్కరలేదు అన్నదే ఆ విషయం. తెలుగు బడులు మూతపడుతున్నాయని, పాఠ్యపుస్తకాలు వేళకు అందడం లేదని, ఖాళీ అయిన ఉపాధ్యాయ పదవులు నింపడం లేదని బాధపడుతున్న సభలో కామా గురించి చెప్పడమేమిటని కొందరికి తోచవచ్చు. ఆ బాధలన్నిటికీ మన చేతిలో ఉన్న మొదటి సాధనం అర్జీ. నాలుగు వాక్యాలు రాసి, ఊరివారి సంతకాలు పెట్టించి, అధికారి బల్లమీదికి చేరుస్తాం. ఆ వాక్యాలలో ప్రతిదానికీ ఒక్కటే అర్థం ఉండాలి. రెండు అర్థాలు వచ్చేటట్లు రాస్తే, మనకు అక్కరలేని అర్థాన్ని ఎదుటివారు ఎంచుకునే వీలు మనమే కల్పించినట్లవుతుంది.

అర్జీల చిత్తుప్రతులు చూసి దిద్దే పని చాలాకాలంగా చేస్తున్నాను. వాటిలో మాటిమాటికీ ఎదురయ్యే వాక్యం ఒకటి మీ ముందు పెడతాను.

“తెలుగు పుస్తకాలు అడిగితే ఇస్తామన్నారు.”

చదవగానే అర్థమైనట్లే ఉంటుంది. నిదానంగా చూడండి. మేము వెళ్ళి పుస్తకాలు అడిగాం, అప్పుడు వారు ‘ఇస్తాం’ అన్నారు. ఇది ఒక అర్థం. ‘మీరు అడిగితే ఇస్తాం’ అని వారు అన్నారు. ఇది రెండో అర్థం. మొదటి అర్థంలో మనం అడగడం జరిగిపోయింది, బాకీ వారి వైపు ఉంది. రెండో అర్థంలో మనం అడిగామో లేదో వాక్యం చెప్పదు. “అడిగితే ఇస్తామన్నాం, మీరు అడగలేదు కదా” అని కార్యాలయం వారు జవాబు రాస్తే, మన వాక్యమే వారికి సాక్ష్యమవుతుంది.

నోటితో చెప్పేటప్పుడు ఈ చిక్కు ఎవరికీ రాదు. మొదటి అర్థం మన మనసులో ఉంటే, ‘అడిగితే’ దగ్గర గొంతు కొంచెం పైకి లేచి ఆగుతుంది. రెండో అర్థమైతే, ‘అడిగితే ఇస్తాం’ అన్నది ఒకే ఊపిరిలో సాగిపోతుంది. వినేవారికి చెవి చెబుతుంది. కాగితం మీద గొంతు ఉండదు. ఆ ఆగడాన్ని చూపించేందుకే కామా ఉంది.

“తెలుగు పుస్తకాలు అడిగితే, ఇస్తామన్నారు.”

ఇప్పుడు మనం అడిగినట్లు తేలింది.

ఈ మాట సరిహద్దు కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పవలసిన కారణం ఉంది. మన పిల్లల్లో చాలామందికి తెలుగు చెవి ద్వారా వచ్చింది. ఇంట్లో అవ్వా తాతలు మాట్లాడగా విన్నారు, తాము మాట్లాడుతున్నారు. బడిలో చదివేది కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో. తమిళనాడులో 2006లో చేసిన చట్టం ప్రకారం 2006-07లో ఒకటో తరగతిలో తమిళం తప్పనిసరి అయింది. ఏటా ఒక్కో తరగతి పైకి సాగి, 2015-16 నాటికి అది పదో తరగతిని చేరింది. అంతకుముందు తెలుగును మొదటి భాషగా చదివిన ఇళ్ళలో, అక్షరాలు ఇంటి వద్దే నేర్చుకోవలసిన తరం ఒకటి తయారైంది. చెవితో నేర్చినవారికి మాటలో ఆగవలసిన చోటు చక్కగా తెలుసు. రాతలో దాన్ని ఎలా చూపించాలో చెప్పేవారు లేరు. అందుకే వారి రాతల్లో అసలు కామాలే ఉండవు, లేదా ఇంగ్లీషు పాఠంలో చెప్పినట్లు ప్రతి చోటా ఉంటాయి.

కామా మన పూర్వుల సొత్తు కాదని ముందుగా ఒప్పుకోవాలి. సుమారు క్రీస్తుశకం 575 నాటిదని చెప్పే కడప సీమలోని కలమళ్ళ శాసనంలో గాని, తరువాతి తాళపత్రాలలో గాని కామాలు లేవు. మాటకు మాటకు నడుమ ఈనాటిలాగా ఖాళీ కూడా వదిలేవారు కారు. పద్యం ముగిసిన చోట నిలువు గీతలు పెట్టడం ఉండేది. కామా, చుక్క, ప్రశ్నార్థకం వంటివి 19వ శతాబ్దంలో అచ్చు పుస్తకాలతో పాటు మనలో స్థిరపడ్డాయి.

మరి వేయి సంవత్సరాలకు పైగా కామా లేకుండా తెలుగు ఎలా నడిచింది? మన వాక్య నిర్మాణంలోనే సమాధానం ఉంది. ఇంగ్లీషులో ‘ఇఫ్’, ‘వెన్’, ‘ఆఫ్టర్’ వంటి మాటలు ఉపవాక్యానికి ముందు నిలుస్తాయి. ఉపవాక్యం ఎక్కడ మొదలైందో అవి చెబుతాయి, ఎక్కడ ముగిసిందో చెప్పవు. ఆ ముగింపును చూపించేందుకు అక్కడ కామా కావలసి వచ్చింది. తెలుగులో గుర్తు చివర ఉంటుంది. ‘వచ్చి’, ‘వస్తూ’, ‘వస్తే’, ‘వచ్చినా’, ‘రాగానే’ అన్న రూపాలు చూడండి. మన వ్యాకరణాలు వీటిలో మొదటి నాలుగింటికి క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని పేర్లు పెట్టాయి. పేర్లు గుర్తులేకపోయినా నష్టం లేదు. ఈ క్రియలు వినబడగానే, ఉపవాక్యం ఇక్కడికి ముగిసింది, అసలు క్రియ ముందుంది అని తెలుగువాడికి తెలిసిపోతుంది. ముగింపును చెప్పే పని క్రియ చివరి అక్షరమే చేస్తోంది.

ఆ అక్షరాన్ని మన వ్యాకరణం ఎంత జాగ్రత్తగా కాపాడిందో చూడండి. పద్యభాషలో రెండు అచ్చులు పక్కపక్కన వస్తే కలిసిపోవడం మామూలు. అయితే, ‘వచ్చి’, ‘చేసి’ వంటి క్రియల చివరి ఇకారానికి సంధి లేదని 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి నియమం చేశారు. ‘వచ్చి’ పక్కన ‘ఇచ్చె’ వస్తే, నడుమ యకారం చేరి ‘వచ్చి యిచ్చె’ అవుతుంది గాని రెండు ఇకారాలూ కలిసిపోవు. కామా లేని రాతలో కూడా ఉపవాక్యం పొలిమేర చెరిగిపోకుండా ఆ నియమం కాచింది.

ఈ నిర్మాణం మన పొరుగు భాషలకు కూడా ఉంది. మనం ‘వచ్చి’ అన్న చోట కన్నడం ‘బందు’ అంటుంది, తమిళం ‘వందు’ అంటుంది, మరాఠీ ‘యేఊన్’ అంటుంది, ఒడియా ‘ఆసి’ అంటుంది. అన్నిటిలోనూ అసలు క్రియ చివరనే వస్తుంది. కనుక బళ్ళారిలో కన్నడం చదివే పిల్లవాడికి గాని, హోసూరులో తమిళం చదివే పిల్లకు గాని తెలుగు వాక్యపు ఎముకల గూడు కొత్త కాదు. బడిలో నేర్చుకున్నది ఇంటి తెలుగుకు పనికివస్తుంది. తమిళంలో కామాను ‘కాల్పుళ్ళి’ అంటారు. కాలు అంటే నాలుగో వంతు, పుళ్ళి అంటే చుక్క. సెమికోలన్ అరచుక్క, కోలన్ ముక్కాలు చుక్క, వాక్యాంతంలో పెట్టేది ముగింపు చుక్క. నిండుగా ఆగడంలో నాలుగో వంతు ఆగాలన్న కొలత ఆ పేరులోనే ఉంది. పిల్లలకు కామా పరిచయం చేయడానికి ఇంతకంటే మంచి పేరు నాకు తెలియదు.

ఇక అసలు విషయం. ఉపవాక్యం ఎక్కడ ముగిసిందో తెలుగులో క్రియే చెబుతుంది కాబట్టి, ‘మొదట్లో వచ్చిన ప్రతి ఉపవాక్యం తరువాత కామా’ అనే ఇంగ్లీషు బడి సూత్రం మనకు యథాతథంగా వర్తించదు. “ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాడు” అన్న వాక్యానికి కామా అక్కరలేదు. “వాన పడితే బడి ఉండదు” అన్నదానికీ అక్కరలేదు. తెలుగులో తేలనిది మరొకటి ఉంది. వాక్యంలో రెండు మూడు క్రియలు ఉన్నప్పుడు, మొదట్లో వచ్చిన మాట వాటిలో దేనికి చెందుతుంది అన్నది తేలదు. దగ్గరి క్రియకా, దూరపు క్రియకా? మనకు కామా ఉన్న ముఖ్యమైన పని ఇది. మొదటి మాట దగ్గరి క్రియను దాటి చివరి క్రియకు చెందినప్పుడు, దాని తరువాత కామా పెట్టాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే, నేను చెప్పబోయేవన్నీ దానికి ఉదాహరణలుగానే కనబడతాయి.

మొదటిది, కాలాన్నీ చోటునూ చెప్పే మాటలు. “గత సంవత్సరం మూసివేసిన తెలుగు విభాగాన్ని తిరిగి తెరుస్తామని మాకు హామీ ఇచ్చారు.” గత సంవత్సరం జరిగింది మూసివేతా, హామీయా? విభాగం మూసి ఆరేళ్ళయి, హామీ పోయిన ఏడాది వచ్చిందనుకోండి. కామా లేని ఈ వాక్యం చదివిన గుమాస్తా దస్త్రం తీసి చూసి, “గత సంవత్సరం ఏ విభాగమూ మూయలేదు” అని రాస్తాడు. అర్జీ అక్కడితో ఆగిపోతుంది. “గత సంవత్సరం, మూసివేసిన తెలుగు విభాగాన్ని తిరిగి తెరుస్తామని మాకు హామీ ఇచ్చారు” అని రాస్తే, ఆ కాలం హామీకి చెందుతుంది. నిజంగా గత సంవత్సరమే మూసివేసి ఉంటే, కామా పెట్టకూడదు. ఇంట్లో పిల్లలకు చెప్పాలంటే ఇంకా తేలిక వాక్యం తీసుకోండి. “నిన్న ఊరినుంచి వచ్చిన పెదనాన్న మా ఇంట్లో భోజనం చేశాడు” అంటే రాక నిన్నటిది. “నిన్న, ఊరినుంచి వచ్చిన పెదనాన్న మా ఇంట్లో భోజనం చేశాడు” అంటే భోజనం నిన్నటిది.

రెండవది, ‘అన్నారు’, ‘చెప్పారు’, ‘హామీ ఇచ్చారు’ వంటి క్రియలతో ముగిసే వాక్యాలు. పుస్తకాల వాక్యం ఇటువంటిదే. మరొకటి చూడండి. “అధికారులు వచ్చి చూసి నిర్ణయిస్తామన్నారు.” వచ్చి చూడడం జరిగిందా, జరగబోతుందా? “అధికారులు వచ్చి చూసి, నిర్ణయిస్తామన్నారు” అంటే రావడం, చూడడం అయిపోయాయి. నిర్ణయం మిగిలింది. రావడం కూడా ఇంకా జరగనిదైతే, కామా మీద ఆధారపడకుండా మాటల వరుసనే మార్చాలి. “వచ్చి చూసి నిర్ణయిస్తామని అధికారులు అన్నారు” అంటే ఎవరికీ అనుమానం ఉండదు. అర్జీల్లో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేవి ఇటువంటి వాక్యాలే. మన అర్జీల్లో సగం మాటలు ఎవరో ఏదో అన్నారని, ఇస్తామన్నారని, చేస్తామన్నారని చెప్పేవే కదా.

మూడవది, వ్యతిరేక క్రియతో ముగిసే వాక్యాలు. “ఆయన చెప్పి వెళ్ళలేదు” అంటే వెళ్ళాడు, చెప్పకుండా వెళ్ళాడు. “ఆయన చెప్పి, వెళ్ళలేదు” అంటే వెళ్తానని చెప్పాడు, వెళ్ళలేదు. కాలు చుక్కంత గుర్తుతో మనిషి ఊళ్ళో ఉన్నాడో లేడో మారిపోయింది. ‘లేదు’ అన్నది మొదటి క్రియను కూడా తనలో కలుపుకుంటుంది. దాన్ని కలపకూడదు అనుకున్నప్పుడు మొదటి క్రియ తరువాత కామా కావాలి. అనుమానం ఇంకా మిగిలితే, “వెళ్తానని చెప్పాడు గాని వెళ్ళలేదు” అని విడమరచి రాయడం మేలు.

నాలుగవది, వరుసగా వచ్చే క్రియలు. “తెల్లవారే లేచి, ఆవుకు గడ్డి వేసి, పాలు పితికి, పిల్లల్ని బడికి పంపి, పొలానికి వెళ్ళింది.” ఇందులో అర్థం మారే ప్రమాదం లేదు. పనులు నాలుగైదు ఉన్నాయి కాబట్టి, ఒక్కొక్కదాని దగ్గర ఊపిరి తీసుకునే వీలుండాలి. ఇటువంటి చోట కామాలు చదివేవారికి సౌకర్యం. అయితే, జంటగా కలిసి ఒకే అర్థమిచ్చే క్రియలను మాత్రం విడదీయరాదు. “మా పిల్లకు మంచి సంబంధం చూసి పెట్టు” అన్నప్పుడు ‘చూసి పెట్టు’ అన్నది ఒకే పని. “ఉప్పు సరిపోయిందో లేదో చూసి, పెట్టు” అన్నప్పుడు అవి రెండు పనులు, ముందు చూడడం, తరువాత వడ్డించడం. ‘తీసుకొని వచ్చాడు’, ‘రాసి ఇచ్చాడు’, ‘చదివి వినిపించింది’ వంటివాటి నడుమ కామా పెడితే, వాక్యం కుంటుతుంది.

ఐదవది, వాక్యం మొదట్లో ఒంటరిగా నిలిచే మాటలు. పిలుపులు, అవును, లేదు, కాదు వంటి జవాబులు, అయితే, కాబట్టి వంటి కలుపు మాటలు. పిలుపు తరువాత కామా ఎప్పుడూ ఉండాలి. “అయ్యా, మా విన్నపం ఆలకించండి.” జవాబు మాట తరువాత కూడా ఉండాలి. “లేదు పుస్తకాలు వచ్చాయి” అని రాస్తే చదివేవారు తికమకపడతారు. “లేదు, పుస్తకాలు వచ్చాయి” అంటే తెలుస్తుంది. ‘అయితే’ అన్న మాటకు రెండు పనులున్నాయి. “ఆదివారం అయితే బడి ఉండదు” అన్నప్పుడు అది ముందరి మాటకు అతుక్కున్నది, దానికి కామా అక్కరలేదు. “అయితే, ఆ ఉత్తర్వు మాకు అందలేదు” అన్నప్పుడు అది వెనకటి వాక్యానికి ఎదురు చెప్పే మాట. అక్కడ గొంతు ఆగుతుంది, కామా పెట్టాలి. ‘కాబట్టి’, ‘అందువల్ల’, ‘అంతేకాక’ వంటివి వాక్యం మొదట వచ్చినప్పుడు, వాక్యం చిన్నదైతే కామా లేకపోయినా నష్టం లేదు.

పొడవును బట్టి కామా పెట్టే సందర్భం కూడా ఉంది. మన ఉద్యమంలో తరచుగా ఉదహరించే ఒక నియమాన్నే తీసుకుందాం. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ప్రాథమిక విద్య గురించి చేసిన తీర్మాన సారాంశాన్ని తెలుగులో ఇలా చెప్పవచ్చు: బడి మొత్తం మీద 40 మందికి గాని, ఒక తరగతిలో 10 మందికి గాని తగ్గకుండా ఒక మాతృభాష పిల్లలుంటే, ఆ భాషలో బోధించడానికి కనీసం ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించాలి. ఇందులో ‘ఉంటే’ అన్న క్రియ షరతు ముగిసిందని చెబుతూనే ఉంది. షరతు పొడవైనది, దానిలో రెండు భాగాలున్నాయి. కనుక ‘ఉంటే’ తరువాత కామా పెట్టి, ఇక్కడితో షరతు సరి, ఇక ప్రభుత్వం చేయవలసిన పని వస్తుంది అని కంటికి చూపించడం మంచిది. “పిల్లలుంటే ఉపాధ్యాయుణ్ణి నియమించాలి” అన్న చిన్న వాక్యానికి ఆ అవసరం లేదు.

కామా పెట్టకూడని చోటు కూడా చెప్పాలి. అన్నిటికంటే ఎక్కువగా కనబడే తప్పు, కర్త తరువాత కామా పెట్టడం. “మా ఊరి బడిలో ఐదో తరగతి చదివే పిల్లలు, తెలుగు రాయలేకపోతున్నారు” అని రాస్తుంటారు. కర్త పొడవుగా ఉంది కాబట్టి, చదివేటప్పుడు గొంతు అక్కడ కొంచెం ఆగుతుంది. ఆ ఆగడం ఊపిరి కోసం, అర్థం కోసం కాదు. ‘పిల్లలు’ ఎవరి పని చెబుతున్నామో ఆ కర్త. దాన్ని క్రియనుంచి విడగొట్టరాదు. అలాగే ‘అని’ తరువాత అలవాటుగా కామా పెట్టనక్కరలేదు. “రేపు వస్తానని నిన్న చెప్పాడు” అన్న వాక్యంలో ‘అని’ అన్నదే మాట ముగిసిన గుర్తు. ఒక గుర్తు ఉన్న చోట మరొకటి అనవసరం.

ఇవన్నీ కంఠస్థం చేయించమని నేను కోరడం లేదు. ఇంట్లో చేయదగిన ఒక పద్ధతి చెబుతాను. పిల్లవాడు రాసిన వాక్యాన్ని వాడి చేతనే గట్టిగా చదివించండి. ఆగిన చోట పెన్సిలుతో చిన్న గీత పెట్టమనండి. తరువాత ఆ గీత దగ్గర ఆగకుండా ఒకే ఊపిరిలో మళ్ళీ చదివించండి. అర్థం మారిందా అని అడగండి. మారితే గీత కామా అవుతుంది. మారకపోతే వాక్యం పొడవు చూడండి. చిన్నదైతే గీత చెరిపేయండి, పొడవైనదై గీత ఉపవాక్యం చివర పడితే ఉంచండి. గీత కర్త తరువాత పడితే తప్పక చెరిపేయండి. అవ్వకు చదువు రాకపోయినా ఈ పాఠంలో ఆమెకు చోటుంది. వాక్యం వినిపించి, “ఏమర్థమైంది అవ్వా?” అని అడిగితే, ఆగకూడని చోట ఆగితే ఆమె చెవే పట్టేస్తుంది. మన ఇళ్ళలో చెవికి కొదవ లేదు. ఆ చెవిని రాతకు సాక్షిగా పెట్టుకుందాం.

మరొక భయం కూడా తీర్చాలి. మా తెలుగు యాస తెలుగు, పుస్తకాల తెలుగు కాదు, మాకు కామాలెందుకు అని కొందరు వెనుకాడతారు. ‘వస్తే’ అన్నా, ‘ఒస్తే’ అన్నా కామా చోటు మారదు. అది యాసను అడగదు, వాక్యం అర్థాన్ని మాత్రమే అడుగుతుంది. ఒడిశాలో చదివే పిల్లలు ఒడియా అలవాటు చొప్పున తెలుగు వాక్యం చివర కూడా నిలువు గీత పెడితే కోప్పడవద్దు. అది చుక్కగా తేలికగానే మారుతుంది. నడుమ ఆగవలసిన చోటు తెలియడం ముఖ్యం.

వాక్య నిర్మాణం గురించి ఇంకా తెలుసుకోవాలనుకునే యువకులు చేకూరి రామారావు గారి ‘తెలుగు వాక్యం’ చదవాలి. 1975లో వచ్చిన ఆ పుస్తకం చిన్న వాక్యాలు కలిసి పెద్ద వాక్యం ఎలా అవుతుందో మన భాషలోంచే వివరిస్తుంది. అది తెలిస్తే కామా సంగతి దానంతటదే తెలుస్తుంది.

సరిహద్దు తెలుగువారమైన మనం గిడుగు రామమూర్తి గారిని తలచుకోకుండా రాత గురించి మాట్లాడలేం. 1880లో ఉపాధ్యాయుడిగా చేరింది మొదలు ఆయన జీవితంలో పెద్ద భాగం గడిచింది పర్లాకిమిడిలో. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ ఊరు అటు వెళ్ళింది. ఆయన రాజమండ్రి చేరారు. చదువుకున్నవారు మాట్లాడే భాషకు, పిల్లలు రాయవలసిన భాషకు నడుమ ఉన్న అగాధాన్ని పూడ్చాలన్నది ఆయన పోరాటం. ఆ పోరాటం వల్లనే ఈనాడు మనం మాట్లాడినట్లు రాయగలుగుతున్నాం. మాట్లాడినట్లు రాసే హక్కు వచ్చినప్పుడు, మాటలో వినబడే ఆగుళ్ళను రాతలో చూపించే బాధ్యత కూడా వచ్చింది.

హక్కు అన్నాను కాబట్టి, మరొక మాట. తన ఇబ్బందిని తీర్చమని కేంద్రంలో గాని, రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలన్న 350-ఎ, భాషా అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేక అధికారిని నియమించాలన్న 350-బి 1956లో ఏడవ సవరణ ద్వారా చేరాయి. వీటిని మనం సభల్లో పదేపదే చెప్పుకుంటాం. తెలుగులో అర్జీ ఇవ్వాలంటే తెలుగులో రాయగలవారు ఊరికి కొందరైనా ఉండాలి. రాసిన అర్జీని అనువాదకుడు మరో భాషలోకి మార్చేటప్పుడు, మన గొంతు అతని దగ్గర ఉండదు. “అడిగితే ఇస్తామన్నారు” అన్నదాన్ని అతను ఎటువైపు అనువదిస్తాడో ఆ అర్థమే దస్త్రంలో నిలుస్తుంది. తరువాత మనం వెళ్ళి “మా ఉద్దేశం అది కాదు” అంటే వినేవారు ఉండరు.

కనుక మీకు రెండు విన్నపాలు. ఇక మీదట ఏ ఊరినుంచి అర్జీ వెళ్ళినా, సంతకాలకు ముందు దాన్ని ఇద్దరు చదవాలి. ఒకరు గట్టిగా చదవాలి, మరొకరు కాగితం చూడకుండా విని, ప్రతి వాక్యానికీ తనకు తోచిన అర్థం చెప్పాలి. రాసినవారి ఉద్దేశానికి వేరుగా చెప్పిన ప్రతి చోటా కామా పెట్టాలి, లేదా మాటల వరుస మార్చాలి. రెండవది, ఈ నెలలో ప్రతి ఇంటినుంచి ఒక పిల్లవాడు గాని, పిల్ల గాని వేరే ఊళ్ళో ఉన్న బంధువుకు తెలుగులో ఒక ఉత్తరం రాయాలి. పది వాక్యాలు చాలు. రాసిన తరువాత, పెన్సిలు గీతల పద్ధతిలో ఇంట్లోనే ఒకసారి చదివి దిద్దుకోవాలి.

ఉత్తరం రాయగలిగిన పిల్లలు పదేళ్ళ తరువాత అర్జీ రాయగలరు. ఇప్పుడు మన ఊళ్ళలో ఆ పని చేస్తున్నవారు ఒకరిద్దరే, వారూ వయసు మీరినవారు. వారి చేతిలోని కలం అందుకునేవారిని మన ఇళ్ళలోనే తయారు చేసుకోవాలి.